పసుపు రిబ్బన్ల పైరు

హైదరాబాదు,
ఆగస్టు 6, 2023.

ప్రియమైన అత్తకు,

వందనాలు. "నాట్లు అయిపోయినాయి, ఇక నీ పీహెచ్‌డీ నా చేతిలో ఉంది, వొళ్ళు దగ్గర పెట్టుకో" అని రాశావు. ల్యాబులో అందరికీ చదివి వినిపించాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నువ్వన్నది నిజమే కదా. పోయిన ఏడు వరదకి మొత్తం పోయింది. నా ఫెలోషిప్ వచ్చే మేతో అయిపోతుంది. ఈ ఒక్క పంటే నాకు మిగిలింది.

బాపయ్య గారి పొలంలో ఆ చిన్న మడిని మా మేడమ్ ఏరి కోరి తీసుకున్నారు, వాడరేవు సముద్రం వైపు నుంచి గాలి నేరుగా తగులుతుందని. అందుకని జాగ్రత్తగా విను. నీళ్ళు పెట్టు, కలుపు తీయించు, పురుగు పడితే రాయి. పైరు పొట్టకొచ్చాక మాత్రం వరుసల్లోకి దిగొద్దు, ఏ దుబ్బునీ ముట్టుకోవద్దు. ఏం జరిగినా సరే. పసుపు రిబ్బను కట్టిన వరుసల్లో అరవై దుబ్బులు, నీలం రిబ్బను వరుసల్లో అరవై. పెద్ద గాలి వచ్చిన మర్నాడు వెళ్ళి, ఎన్ని నిలబడి ఉన్నాయో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి నాకు రాయాలి. అంతే నీ పని.

ఇదంతా ఫోనులోనే చెప్పేదాన్ని. నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, హాస్టల్లో పక్కగది వాళ్ళు తలుపు కొడతారు. పేటలో పద్దెనిమిదేళ్ళ పత్తి జిన్నింగ్ మిల్లు పని నీ చెవులు తినేసింది. ఉత్తరాలే మనకి దిక్కు. నాకైతే ఇవే ఇష్టం.

నీ మేనకోడలు,
మహిమ.


వేటపాలెం,
ఆగస్టు 19, 2023.

ప్రియమైన మహిమకు, అత్త జయకుమారి దీవెనలతో రాస్తున్నది.

మేమంతా దేవుని కృపవల్ల క్షేమం. పైరు బాగా దుబ్బు కట్టింది. ముట్టుకోవద్దు, దిగొద్దు అని అన్నిసార్లు రాశావు, నేనేమన్నా పరాయి చేలో పడే కోడినా? నా చేతుల మీద ఎన్ని ఎకరాలు నాటి కోశానో మీ మేడమ్ని లెక్క కట్టమను.

ఒక్క సంగతి అడుగుతాను. పోయిన ఏడు నువ్వు వచ్చినప్పుడల్లా పసుపు వరుసల మీదే వంగి వంగి చూసేదానివి. నీలం వైపు ఊరికే తల తిప్పేదానివి. ఇద్దరు బిడ్డలుంటే తల్లి చూపు ఎవరి మీద ఉంటుందో నాకు తెలియదా? ఏముంది ఆ పసుపులో?

చర్చిలో కూడా అడుగుతున్నారు, మీ అమ్మాయి అన్నేళ్ళుగా ఏం చదువుతోందని. వరి మీద అని చెప్పాను. "వరి మీద చదవటానికేముందే? నాటితే వస్తది, కోస్తే పోతది" అంది క్రిస్టీనా. దాని వైపు కోపంగా ఒక చూపు విసిరి వచ్చేశాను. కాస్త జవాబు పంపించు. ఈసారి వదలను దాన్ని.

అన్నం వేళకి తిను.

నీ అత్త,
జయకుమారి.


హైదరాబాదు,
సెప్టెంబరు 10, 2023.

అత్తా,

క్రిస్టీనా పిన్నికి ఇలా చెప్పు. వరి కాడ గట్టిగా నిలబడాలంటే దాని కణాల గోడల్లో లిగ్నిన్ అనే పదార్థం పట్టాలి. ఆ లిగ్నిన్ చిన్న చిన్న ముక్కలతో తయారవుతుంది. ఇటుకలనుకో. ఇటుకలు కణం లోపల తయారవుతాయి, గోడేమో బయట. మరి లోపలి ఇటుకని గోడ దాకా మోసేది ఎవరు? అలా మోసే కూలీలు కణంలో ఉంటారు. ఏ కూలీని ఎలా తయారు చేయాలన్నది జన్యువుల్లో రాసి ఉంటుంది. వరిలో అనుమానించదగ్గ జన్యువులు చాలా ఉన్నాయి. అందులో ఒకదాన్ని పట్టుకుని నేను నాలుగేళ్ళుగా కూర్చున్నాను, ఇది నిజంగా మోస్తోందా లేదా అని.

పసుపు వరుసల్లో ఆ జన్యువు పాడైపోయి ఉంది. విత్తనాన్ని మందులో నానబెట్టి అలా చేశాం. నీలం వరుసల్లో మామూలుగా ఉంది. ఇంతకు మించి అడగకు. ఏం జరుగుతుందని నేను ఎదురుచూస్తున్నానో నీకు చెప్పకూడదని మేడమ్ రూలు. లెక్కపెట్టే మనిషికి అది తెలిస్తే లెక్క ఒక పక్కకి ఒరుగుతుందట.

మా మేడమ్ ఆరాధన గారికి నీ ఉత్తరాలంటే ఇష్టం. "మీ అత్తయ్య ఏమంటున్నారు?" అని అడుగుతూ ఉంటారు.

మహిమ.


వేటపాలెం,
నవంబరు 21, 2023.

ప్రియమైన మహిమకు, దీవెనలు.

శుక్రవారం గాలివాన గట్టిగా కొట్టింది. పక్కింటి జానీబీ వాళ్ళ పాక మీద రేకు ఎగిరిపోయింది. మనుషులం బాగానే ఉన్నాం.

పసుపు వరుసల్లో నిలబడి ఉన్నవి అరవై. నీలం వరుసల్లో నిలబడి ఉన్నవి అరవై.

వాన ఇంకా పడుతోంది. ఉంటాను.

జయకుమారి.


హైదరాబాదు,
డిసెంబరు 27, 2023.

ప్రియమైన అత్తకు,

నీ నవంబరు ఉత్తరం అంత పొట్టిగా ఉందేమిటా అనుకున్నాను. జ్వరమేమోనని భయపడ్డాను కూడా. కోతకి వచ్చి నిన్నూ పైరునీ కళ్ళారా చూశాక కానీ స్థిమితపడలేదు. పసుపు దుబ్బులు కొంచెం ఒకదాని మీద ఒకటి ఆనుకున్నట్టు కనపడ్డాయి. కానీ నిలబడ్డాయి, అత్తా! అంత గాలికి!

ల్యాబులో కాడలు పరీక్ష చేశాం. పసుపు కాడల్లో లిగ్నిన్ మూడో వంతు తక్కువ. అంటే గడ్డి మెత్తన, పశువుకి తొందరగా అరుగుతుంది. అంత మెత్తన కాడ పడిపోవాలి. పడలేదు. మేడమ్ నమ్మలేక రెండుసార్లు లెక్కలు చూశారు. గడ్డి మెత్తన, పైరు గట్టిగా నిలబడుతుంది, రెండూ ఒకే వరిలో! ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి "మహిమా, ఇది రైతులకి వెళ్ళాల్సిన విత్తనం" అన్నారు. హాస్టలుకి వచ్చి కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే, కంగారు పడకు.

ఇదంతా నీ చేతి చలవ. ఎవరడిగినా అదే చెబుతున్నాను.

మహిమ.


వేటపాలెం,
ఫిబ్రవరి 18, 2024.

ప్రియమైన మహిమకు, అత్త దీవెనలు.

ఉత్తరం ఆలస్యం చేశాను. జీడిపప్పు బట్టీలో పనికి పోతున్నాను, చేతులు జీడికి పొక్కి కలం పట్టనివ్వలేదు.

నువ్వు చెప్పింది నిజమేనమ్మా. నువ్వు కొంచెం కాడలు పట్టుకెళ్ళాక మిగిలిన గడ్డి జానీబీకి ఇచ్చాను. దాని గేదె పసుపు వరుసల గడ్డి ఏరుకుని తిని నీలం గడ్డి వదిలేస్తోంది. "ఇదేం గడ్డి జయక్కా, దీనికి నా చేతి కుడితి కూడా అక్కర్లేకుండా పోయింది" అంటోంది జానీబీ. గేదెకి మీ మిషన్ల కన్నా ముందే తెలిసిపోయింది.

బాపయ్య గారు కూడా ఆపి అడిగారు. ఆ విత్తనం తన రెండెకరాలకీ కావాలట. "అది పడదు గదా జయకుమారీ? నువ్వు కళ్ళారా చూశావు గదా?" అన్నారు. బస్సు వస్తోందని చెప్పి వచ్చేశాను. బస్సు ఏమీ రావటం లేదు.

నిన్నొకటి అడుగుతాను, ఊరికే. ఆ పసుపు పైరు గాలికి పడిపోయి ఉంటే నీకేమయ్యేది? పరీక్ష తప్పేదానివా?

జయకుమారి.


హైదరాబాదు,
ఏప్రిల్ 28, 2024.

ప్రియమైన అత్తకు,

క్షమించు, రెండు నెలలు నీకు జవాబు రాయలేదు. పుస్తకం రాస్తున్నాను, నా సిద్ధాంత గ్రంథం. రాత్రీ పగలూ అదే.

భలే ప్రశ్న అడిగావు. పడిపోయి ఉంటే పరీక్ష ఎందుకు తప్పుతానే పిచ్చి అత్తా? పడిపోతే ఆ జన్యువే ఇటుకలు మోస్తోందని తేలేది. అది లేకపోతే గోడ లేదు, గోడ లేకపోతే కాడ లేదు అని రాసేదాన్ని. నిజానికి మొదట్లో నేను ఎదురుచూసింది అదే. పడలేదు కనుక, ఇటుకలు తగ్గినా నిలబడటానికి ఆ జన్యువుతో పని లేదని రాస్తున్నాను. ఎటు జరిగినా నాకు జవాబే. ఇప్పుడు చెప్పినా తప్పులేదు, లెక్క అయిపోయింది కదా.

పెద్ద కబురు. మన గింజలు ఇక్కడ వేసవి పంటగా వేసి విత్తనం పెంచాం. జూన్‌లో పన్నెండు మంది రైతులకి ఇస్తున్నారు, అందరూ మన సముద్రం వైపు వాళ్ళే. బాపయ్య గారి రెండెకరాలకీ కలిపి. మే ముప్ఫైన సెమినారు. అందరి ముందూ నిలబడి చెప్పాలి. ఆ తర్వాత గ్రంథం ఇచ్చేస్తాను. నువ్వు రావాలి. మాటలు వినపడకపోయినా సరే, ముందు వరుసలో కూర్చో.

మహిమ.


వేటపాలెం,
మే 14, 2024.

మహిమా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను.

ఆ పైరు పడింది. శనివారం పొద్దున వెళ్ళేసరికి పసుపు వరుసలన్నీ చాప పరిచినట్టు పడి ఉన్నాయి. నీలంలో పడినవి మూడో నాలుగో. నేను గట్టు మీద నిలబడి కాసేపు చూశాను. ముట్టుకోవద్దన్నావు, గుర్తుంది. కానీ అంతకు ముందు ఏడు వరదప్పుడు అదే గట్టు మీద కూర్చుని నువ్వు ఏడ్చిన ఏడుపు కూడా గుర్తుంది. పసుపు వాటికి ఏదో పాడైందని రాశావు. జబ్బు బిడ్డల్ని పెంచి నిలబెట్టటమే నీ పరీక్ష అనుకున్నాను. పడితే నువ్వు ఫెయిలనుకున్నాను.

దిగాను. నాలుగేసి దుబ్బులు లేపి, ఒకదానికొకటి ఆనించి, గడ్డితో కట్టాను. గాలివాన తర్వాత మేము చేసే పనే. పడిన పైరుని పడినట్టు వదిలేసి ఇంటికి పోవటం ఈ చేతులకి రాదు. మధ్యాహ్నానికి అన్నీ లేచి నిలబడ్డాయి. అప్పుడు లెక్కపెట్టాను. అరవై, అరవై. నువ్వు కోతకి వచ్చే ముందురోజు కట్లన్నీ కొడవలితో కోసేశాను.

ముట్టుకున్నానని నీకు రాయలేదు. నువ్వు సంతోషపడుతుంటే చెప్పటానికి మనసొప్పలేదు. తర్వాత భయమేసింది. నీ ఏప్రిల్ ఉత్తరం చదివాకే నాకు తెలిసింది. పడితే నీకు నష్టం లేకపోగా, నిలబెట్టి నేనే నీ నోట అబద్ధం పలికిస్తున్నాను. ఇక ఆ పన్నెండు మంది! బాపయ్య గారి రెండెకరాలు నవంబరు గాలికి పడితే కోసేది మేమే. బురదలో వరి వెన్నులు ఏరుకుంటూ ఒక రోజు పని రెండు రోజులు. సగం గింజ నేలపాలు. ఎన్నిసార్లు చేశానో ఆ పని.

విత్తనం ఇవ్వొద్దని చెప్పు. నా పేరు చెప్పు. అత్త చెడగొట్టిందని చెప్పు.

జయకుమారి.


హైదరాబాదు,
మే 22, 2024.

అత్తా,

నీ ఉత్తరం అందింది. సెమినారు ఇంకో ఎనిమిది రోజులుంది. ఆరు నెలలు నోరు మూసుకుని ఇప్పుడు చెబుతున్నావా?

ఒక్క మాట అడిగాను నిన్ను. ముట్టుకోవద్దు. ఒక్కటే.

కొన్నాళ్ళు నాకు ఉత్తరాలు రాయకు.

మహిమ.


హైదరాబాదు,
జూన్ 30, 2024.

ప్రియమైన అత్తకు,

రాయకు అన్నాను కదా అని నిజంగానే మానేశావు. ప్రతి రోజూ హాస్టలు గేటు దగ్గర పోస్టు చూస్తూనే ఉన్నాను. మీ ఇద్దరిదీ ఒకటే మొండితనం అని నాన్న ఎప్పుడూ అనేవాడు.

జరిగింది చెబుతాను. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. చింపేస్తే ఎవరికీ తెలియదు అనుకున్నాను. అలా అనుకున్నానని నీకు చెప్పుకోవాలి. నాలుగో రోజు మేడమ్ గదికి వెళ్ళి ఆ ఉత్తరాన్నే ఆవిడ చేతిలో పెట్టాను. చదివారు. రెండోసారి చదివారు. "సెమినారు ఆపేయండి" అన్నారు. పన్నెండు మంది రైతులకీ ఆవిడే ఫోన్లు చేసి విత్తనం లేదని చెప్పారు. రాసిన గ్రంథంలో సగం తీసేశాను. ఫెలోషిప్ అయిపోయింది. ఇంటర్ పిల్లలకి ట్యూషన్లు చెబుతున్నాను.

ఇంకొకటి ఉంది. ఇది మేడమ్‌కి కూడా చెప్పాను. కోతకి వచ్చినప్పుడు గట్టు పక్కన కోసేసిన గడ్డి కట్లు కుప్పగా పడి ఉండటం చూశాను అత్తా. నేను ఆ ఊరి పిల్లనే. చిన్నప్పుడు నీ వెనకాలే తిరిగి కట్టటానికి గడ్డి అందించినదాన్నే. అవి ఏమిటో నాకు తెలియదా? ఎందుకున్నాయని నిన్ను అడిగి ఉండొచ్చు. అడగలేదు. అడిగితే నా సంతోషం పోతుందని లోపల ఎక్కడో తెలుసు. నువ్వు నా మీద ప్రేమతో దాచావు. నేను నా కోసం దాచుకున్నాను. నీ మీద కోప్పడే హక్కు నాకు లేదు. క్షమించు.

మేడమ్ ఇంకో పంటకి ఒప్పుకున్నారు. అదే పొలం, అవే రిబ్బన్లు. కాపలాకి వేరే మనిషిని పెడదామన్నారు. నేను వద్దన్నాను. అడక్కుండానే తన తప్పు తానే రాసి పంపిన మనిషి కన్నా నమ్మకమైన వాళ్ళని ఎక్కడి నుంచి తెస్తారు మేడమ్ అని అడిగాను. ఆవిడ సరే అన్నారు. లెక్కపెట్టేటప్పుడు ఫొటోలు తీయడానికి మా జూనియర్ సైమా వస్తుంది.

ఈసారి నీకు అన్నీ తెలుసు. ఏం జరగొచ్చో కూడా తెలుసు. అయినా నిన్నే అడుగుతున్నాను. చేస్తావా?

నీ మహిమ.


వేటపాలెం,
జూలై 9, 2024.

ప్రియమైన మహిమకు, అత్త దీవెనలు.

చేస్తాను. కానీ నా చేతుల మీద నాకే నమ్మకం లేదు. అవి నా మాట వినవు. నలభై ఏళ్ళ అలవాటు.

నీ ఉత్తరం జానీబీ చేత చెవి దగ్గర గట్టిగా చదివించుకున్నాను, కళ్ళకి నీళ్ళడ్డం వచ్చి. అది చదువుతూ మధ్యలో ఆపి, "ఈ పిల్లకి బుద్ధి ఎవరు నేర్పారే?" అంది. నేనే అని చెప్పాను. సందు దొరికితే వదులుకుంటానా?

బాపయ్య గారు నా మీద మండిపడుతున్నారు, చేతికొచ్చిన విత్తనం నోటికి రాకుండా చేశానని. పడనీ. ఆయన పైరు పడటం కన్నా ఆయన నా మీద పడటం మేలు.

నారు పోశాను. ట్యూషన్లు చెప్పి చెప్పి గొంతు చెడగొట్టుకోకు, పొద్దున్నే వేడినీళ్ళు తాగు.

అత్త.


వేటపాలెం,
నవంబరు 14, 2024.

ప్రియమైన మహిమకు,

నిన్న మధ్యాహ్నం నుంచి గాలి. మబ్బు పట్టగానే పొలానికి వెళ్ళాను. గాలివాన కబురు విని ముందురోజే హైదరాబాదు నుంచి దిగిన సైమా కూడా వచ్చింది, పాపం తడిసి ముద్దయింది. గట్టు మీద కూర్చుని చేతులు రెండూ కొంగులో చుట్టి గట్టిగా ముడి వేయించుకున్నాను దానితో. నవ్వుతూనే వేసింది. నేను నవ్వలేదు.

గాలి చప్పుడు నాకు వినపడదు కదా. చూడటమే. ముందు పసుపు రెండో వరుస వంగింది. లేస్తుందేమో అనుకున్నాను. లేవలేదు. తర్వాత పక్క వరుస. కంకుల బరువుకి మెల్లగా, ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. నీలం వరుసలు ఊగి ఊగి మళ్ళీ నిలబడుతున్నాయి. ఒకే చేను, ఒకే గాలి. నా వొళ్ళంతా ముందుకి లాగింది. సైమా నా భుజం పట్టుకునే కూర్చుంది.

బాపయ్య గారు అటుగా వచ్చి ఏదో కేకలేశారు. వినపడలేదు. సైమా నా చెవిలో చెప్పింది: "ఏందే, పైరు పడిపోతా ఉంటే బొమ్మలాగా చూస్తా కూచున్నావు? లేపి కట్టవే!" అంటున్నారని. నేను అరిచాను, "కట్టనండీ! పడనివ్వండి!" ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు, సైమా చెవులు మూసుకుంది. ఆయన వెళ్ళిపోయారు. ఆ పడిన వరుసలు చూసి నా మీద కోపం పోయినట్టే ఉంది, తన రెండెకరాలు గుర్తొచ్చి.

పొద్దున సైమా ఫొటోలు తీస్తుండగా లెక్కపెట్టాను. పసుపు వరుసల్లో అరవైకి యాభై నాలుగు పడ్డాయి. నీలంలో అరవైకి మూడు. ఒక్క దుబ్బూ నేను ముట్టుకోలేదు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

పడిన పైరు చూసి ఏడ్చాను. అక్కడే మోకాళ్ళూని స్తోత్రం కూడా చెప్పాను. రెండూ ఒక్కసారే చేశాను, దేవుడు ఏది తీసుకుంటాడో ఆయన ఇష్టం. నువ్వు అందరి ముందూ నిలబడి చెప్పు, భయపడకుండా చెప్పు. ఆ జన్యువే మోస్తోంది మహిమా. నేను చూశాను.

నీ అత్త,
జయకుమారి.